వరోషాను దెయ్యాల ఊరని రాయవద్దని మనవి

సంపాదకులవారికి నమస్కారములు.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల సైప్రస్ ద్వీపంలోని ఆయియా నాపా గురించి వచ్చిన రెండు పేజీల విహార వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. నిస్సి బీచ్‌లో ఇసుక ఎంత మెత్తగా ఉంటుందో, లోతు లేని నీళ్లలో నడుచుకుంటూ ఎదురుగా ఉన్న చిన్న దిబ్బ మీదికి ఎలా వెళ్లవచ్చో, కేప్ గ్రెకో దగ్గర సముద్రం కొండరాతిని తొలిచిన గుహల్లో నీళ్లు ఎంత నీలంగా మెరుస్తాయో వ్యాసకర్త చక్కగా వర్ణించారు. వాటితో నాకు పేచీ లేదు. కానీ చివరి పేరాలో, సమయం మిగిలినవాళ్లు దగ్గరలోని దెరీనియా గ్రామానికి వెళ్లి దుర్భిణిలోంచి వరోషా అనే దెయ్యాల ఊరును చూసి, ఫొటోలు తీసుకుని రావచ్చునని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ మాటే.

నేను పాలకొల్లు ప్రాంతంలోని ఉన్నత పాఠశాలల్లో ముప్పయ్యేళ్లకు పైగా సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా లార్నకాలో ఉండడంతో నేనూ మావారూ రెండు విడతలుగా, ఒకసారి వేసవిలోను, మరోసారి చలికాలంలోను, కలిపి దాదాపు అయిదు నెలలు ఆ దేశంలో గడిపాము. ఆయియా నాపాకు అక్కడి నుంచి కారులో ముప్పావుగంట కూడా పట్టదు. అందుచేత సెలవులకు వచ్చేవాళ్లలాగా రెండు రోజుల్లో అన్నీ చూసేయాలన్న తొందర మాకు లేకపోయింది. వెళ్లిన చోటికే మళ్లీ వెళ్లి, పలకరించిన మనిషినే మళ్లీ పలకరించి, తెలియనిది అడిగి తెలుసుకునే వీలు దొరికింది.

దెరీనియా ఆయియా నాపా నుంచి పావుగంట, ఇరవై నిమిషాల దారి. అక్కడ ఆక్రమిత అమ్మోహొస్తోస్ సాంస్కృతిక కేంద్రం అని ఒక భవనం ఉన్నది. మనం ఇంగ్లీషు పుస్తకాల్లో ఫమగుస్తా అని చదువుకున్న నగరానికి గ్రీకు సిప్రియట్లు, అంటే సైప్రస్‌లోని గ్రీకు భాషవారు, వాడే పేరు అమ్మోహొస్తోస్. 1974 నుంచి తుర్కీ అధీనంలో ఉన్న ఆ నగరంలోని సముద్రతీరపు పేటే వరోషా. అమ్మోహొస్తోస్ అంటే ఇసుకలో దాగినది అని అర్థం. మేడ మీద నిలబడి చూస్తే ముందు పొలాలు, ఆ తరువాత ముళ్లతీగ, దాని వెనుక సముద్రపు ఒడ్డున వరుసగా నిలబడిన ఎత్తయిన హోటళ్లు కనిపిస్తాయి. ఉత్త కంటికి అది మామూలు పట్నంలాగే ఉంటుంది. దుర్భిణి ఆనించినప్పుడే కిటికీలకు అద్దాలు లేవనీ, బాల్కనీల ఇనుము తుప్పు పట్టిందనీ, కొన్ని గదుల్లోంచి అవతలి ఆకాశం కనిపిస్తున్నదనీ తెలుస్తుంది.

మేము వెళ్లిన రోజున డెబ్బయ్యేళ్లు దాటిన ఒక పెద్దావిడ మనవరాలిని వెంటబెట్టుకుని అక్కడికి వచ్చారు. మావారు దుర్భిణి సర్దుకోలేక అవస్థ పడుతుంటే ఆవిడే వచ్చి సర్ది పెట్టి, నెమ్మదిగా ఇంగ్లీషులో మాట కలిపారు. ఒడ్డున ఉన్న ఫలానా హోటలు నుంచి ఎడమవైపు మూడో కట్టడం చూడమని, దాని వెనుక వీధిలో నారింజతోట పక్కన తమ ఇల్లు ఉండేదని చెప్పారు. 1974 ఆగస్టు మధ్యలో విమానాల మోత విని, రెండు మూడు రోజుల్లో సద్దుమణిగితే తిరిగి వచ్చేద్దామనుకుని, చంటిబిడ్డను ఎత్తుకుని తలుపు దగ్గరగా వేసి బయలుదేరారట. ఆ పూట వంటకని నానబోసిన బొబ్బర్లు వంటగట్టు మీద గిన్నెలో అలాగే ఉండిపోయాయట. యాభై ఏళ్ల తరువాత కూడా, ఆ గిన్నె మీద మూత పెట్టానో లేదో అన్న ఆలోచన రాత్రిళ్లు వస్తుంటుందని ఆవిడ అన్నప్పుడు నాకు మాట రాలేదు. ఆవిడ చేయి పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. తరువాత బొబ్బర్లు ఎలా వండుతారని అడిగితే, చార్డ్ అనే ఆకుకూరతో కలిపి ఉడికించి, నిమ్మరసం పిండి, పైన ఆలివ్ నూనె పోస్తామని ఎంతో ఇష్టంగా చెప్పారు.

ఆ మనిషి పుట్టి పెరిగిన ఊరిని ఆవిడ ఎదుట మనం దెయ్యాల ఊరు అనగలమా? ఇంగ్లీషులో అందరూ వాడుతున్న మాటను మన వ్యాసకర్త తెలుగు చేసి ఉంటారు. ఆయనను తప్పు పట్టాలని నా ఉద్దేశం కాదు. అయితే తెలుగులో ఇటువంటి ఊళ్లకు మనకు మన మాట ఉన్నది. శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు కృష్ణ వెనుక నీటిలో కలిసిపోయిన ఊళ్లను మనం ముంపు గ్రామాలన్నాము. వేసవిలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడితే, ఆ పక్క ఊళ్లవాళ్లు దూరాభారాలకు ఓర్చి వచ్చి దండం పెట్టుకుని, ఇదిగో ఇక్కడ మా ఇల్లు, ఇక్కడ మా కళ్లం అని పిల్లలకు చూపించడం మనకు తెలుసు. వాళ్ల ఊళ్లను దెయ్యాల ఊళ్లని ఏ తెలుగు పత్రికా రాయలేదు, రాయదు. పాడుబడినదానికి, బలవంతాన ఖాళీ చేయించినదానికి ఉన్న తేడా మనకు తెలియనిది కాదు. వరోషాలో దెయ్యాలు లేవు. దానికి సొంతదారులు ఉన్నారు, వాళ్లలో కొందరు ఆ కంచెకు పది పదిహేను కిలోమీటర్ల దూరంలోనే కాపురం ఉంటున్నారు.

ఈ విషయం ఆయియా నాపా వ్యాసానికి చివరి పేరా కాదు, మొదటి పేరా కావలసినదని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ రోజున మనవాళ్లు విమానం ఎక్కి వెళ్లి చూస్తున్న ఆయియా నాపా ఆ విషాదం తరువాత తయారైనదే. 1974కు ముందు సైప్రస్‌కు వచ్చే విదేశీ యాత్రికులు ముఖ్యంగా దిగింది వరోషా ఇసుకతీరంలోనే. అప్పటికి ఆయియా నాపా ఒక పాత మఠం చుట్టూ అల్లుకున్న చిన్న పల్లె. ఆ ఏడాది జులై 15న గ్రీసు సైనిక పాలకుల ప్రోద్బలంతో సైప్రస్ ప్రభుత్వం మీద తిరుగుబాటు జరగడం, అయిదు రోజులకు తుర్కీ సేనలు ఉత్తర తీరంలో దిగడం, ఆగస్టులో రెండో విడత దాడిలో ఫమగుస్తా చేజారిపోవడం వెంటవెంటనే జరిగిపోయాయి. వరోషా చుట్టూ కంచె పడింది. బతుకుదెరువు పోగొట్టుకున్న హోటలు యజమానులు, వంటవాళ్లు, పనివాళ్లు కంచెకు ఇవతల మిగిలిన ఇసుకతీరం దగ్గర మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఆ కష్టం మీద లేచినవే ఈ హోటళ్లు.

ఒక పక్షం కథే చెప్పి ఊరుకోవడం ఉపాధ్యాయురాలిగా నాకు అలవాటు లేదు. 1963 చివర మొదలైన అల్లర్లలో ఇళ్లు వదిలి చిన్నచిన్న వాడల్లో తలదాచుకున్న తుర్కీ సిప్రియట్లు వేలల్లో ఉన్నారు. 1974 తరువాత దక్షిణాదిలోని లార్నకా, పాఫోస్ ప్రాంతాల నుంచి వాళ్లు కూడా ఉన్నదంతా విడిచిపెట్టి ఉత్తరానికి వెళ్లిపోయారు. లార్నకాలో మా అమ్మాయి ఉంటున్న ఇంటికి కొంచెం దూరంలోనే ఒకప్పటి తుర్కీ పేట ఉన్నది. వీధులకు ఆ పాత పేర్లే మిగిలాయి. రెండు జాతులవారినీ కలుపుకుని జాడ తెలియకుండా పోయినవాళ్ల అధికారిక జాబితాలో 2,002 పేర్లు ఉన్నాయి. రెండు వర్గాల ప్రతినిధులు, ఐక్యరాజ్యసమితి కలిసి నడిపే సంఘం ఇప్పటికీ ఎముకలు వెలికితీసి, పరీక్షలు చేయించి, ఒక్కొక్కరినే వాళ్ల కుటుంబాలకు అప్పగిస్తున్నది.

మన దేశానికి ఈ కథతో ఉన్న సంబంధం కూడా పాఠకులకు తెలియాలి. 1964 మార్చిలో ఏర్పడి నేటికీ అక్కడే ఉన్న ఐక్యరాజ్యసమితి శాంతి సేనకు తొలి ఏళ్లలో నాయకత్వం వహించినవారిలో భారతీయులు ఉన్నారు. జనరల్ తిమ్మయ్య ఆ బాధ్యతలో ఉండగానే 1965 డిసెంబరులో సైప్రస్‌లో కన్నుమూశారు; ఆ దేశం ఆయన స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది. 1974లో యుద్ధం ముంచుకొచ్చిన వేళ శాంతి సేన అధిపతిగా ఉన్నవారు జనరల్ ప్రేమ్‌చంద్. నేను భారతీయురాలినని చెప్పగానే దెరీనియాలో కాఫీ దుకాణం పెద్దాయన తిమ్మయ్యగారి పేరు ఎత్తి, డబ్బు పుచ్చుకోనన్నారు. మన పిల్లల పుస్తకాల్లో లేని ఆ పేరు ఆయన నోట విన్నప్పుడు గర్వమూ సిగ్గూ ఒకేసారి కలిగాయి.

ఇక రెండో మాట. ఆయియా నాపాలో ఒక సాయంత్రం మాకు హైదరాబాదు నుంచి ప్యాకేజీ టూర్‌లో వచ్చిన మన తెలుగు కుటుంబాలు కలిశాయి. పడవ షికారు, ఈత కొలను, వాటర్ పార్కు, రాత్రి హోటలులోనే గ్రీకు నాట్యం అంటూ ఒక ప్రదర్శన, ఇదీ వాళ్ల మూడు రోజుల కార్యక్రమం. వాళ్లలో ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, అక్కయ్యగారూ, ఇక్కడ సముద్రం తప్ప చూడడానికి ఇంకేమీ లేదటండీ, మా గైడు చెప్పాడు అన్నారు. మేము అప్పుడు మాట్లాడుతున్నది ఆయియా నాపా మఠం గోడ పక్కనే నిలబడి. ఆ గోడకు అవతల ఏమున్నదో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. లక్షలు ఖర్చు పెట్టుకుని, సెలవులు కూడబెట్టుకుని అంత దూరం వచ్చినవాళ్లకు అలా చెప్పి పంపడం అన్యాయం.

నేను ఆవిడను వెంటబెట్టుకుని లోపలికి తీసుకువెళ్లాను. బయట వీధిలో పాటల హోరు, రంగురంగుల దీపాలు. ద్వారం దాటగానే రాతి ఆవరణ, మధ్యలో గుమ్మటం కప్పిన ఎనిమిది పలకల నీటి మండపం, ఒక పక్క కొంత భాగం కొండను తొలిచి చేసిన చర్చి. వేటగాడి కుక్క ఒకటి తడిసిన ఒంటితో పదేపదే రావడం చూసి, దాని వెంట వెళితే పొదల మాటున నీటి ఊట, ఊట పక్క గుహలో మేరీమాత చిత్రపటం కనిపించాయని అక్కడి ఐతిహ్యం. ఇప్పుడున్న మఠం వెనీస్ పాలన కాలం నాటిది. నాపా అంటే చెట్లు కమ్ముకున్న లోయ అని అర్థమట. ఆయియా అంటే పవిత్రమైన. దక్షిణ ద్వారం బయట నీళ్ల తొట్టి ఒడ్డున ఆరువందల ఏళ్ల నాటిదని చెప్పుకునే పెద్ద చెట్టు ఉన్నది. కాయలు కొమ్మలకూ మానుకూ గుత్తులుగా అంటుకుని కాస్తాయి. ఆవిడ దాన్ని చూడగానే, ఇదేమిటి, మా ఊరి మేడిచెట్టు లాగే ఉన్నదే అన్నారు. నిజమే, అది మన మేడికి దాయాది వంటి జాతి. ఆవిడ ఆ మానును అరచేత్తో నిమురుతూ చాలాసేపు అక్కడే కూర్చున్నారు.

ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరంలో సోతీరా అనే పల్లె ఉన్నది. ఆ చుట్టుపక్కల పల్లెలన్నిటినీ కలిపి కొక్కినోహోరియా, అంటే ఎర్ర ఊళ్లు, అంటారు. నేల అంత ఎర్రన. బంగాళాదుంపకు ఆ నేల పెట్టింది పేరు. కానీ నన్ను నిలబెట్టేసింది బంగాళాదుంప కాదు. చలికాలంలో వెళ్లినప్పుడు ఎర్ర మట్టిలో ఏనుగు చెవులంత ఆకులతో ఉన్న మడి చూసి కారు ఆపించాను. అది చేమ. మన చేమదుంపే. వాళ్లు కొలొకాసి అంటారు. మన ఆసియా నేలల్లో పుట్టి, ఏ కాలంలోనో ఈజిప్టు వైపు నుంచి మధ్యధరా తీరాలకు చేరిన ఆ దుంపను సోతీరా రైతులు తరతరాలుగా పండిస్తున్నారు. యూరోపియన్ యూనియన్ 2016లో సోతీరా కొలొకాసికి రక్షిత నామం కూడా ఇచ్చింది.

ఆ మడి గలవారి ఇంట్లో నాకు దుంప కోయడం నేర్పించారు. ఒలిచిన తరువాత నీళ్లు తగలనివ్వకూడదు, పొడి గుడ్డతో తుడవాలి. కత్తితో అడ్డంగా తరగకూడదు. కత్తి కొసను కాస్త దించి, మెలితిప్పి, ముక్కను విరవాలి. లేకపోతే జిగురు కడుతుందని ఆ ఇల్లాలు చెబుతుంటే, చేమదుంప జిగురు గురించి మా అమ్మ చేసిన హెచ్చరికలన్నీ గుర్తుకువచ్చాయి. వాళ్లు దాన్ని సెలరీ కాడలు, ఉల్లిపాయ, టమాటాలతో, మాంసం తినేవాళ్లయితే మాంసంతో కలిపి ఉడికించి నిమ్మరసం పిండుతారు. మనం చింతపండు పులుసు పెడతాము. జిగురుకు పులుపే విరుగుడని అటువాళ్లూ ఇటువాళ్లూ ఎవరికి వాళ్లే కనిపెట్టుకున్నారు. పక్కన పుట్టే పిల్ల దుంపలను పుల్లెస్ అంటారు. వాటిని చితక్కొట్టి నూనెలో వేయించి, ఎర్ర ద్రాక్షసారా పోసి, పైన దంచిన ధనియాలు చల్లుతారు. మా కోసం ఆవిడ సారా బదులు నిమ్మరసం పోసి చేసిపెట్టారు. అక్కడ ఎవరి గుమ్మం ముందు నిలబడినా మొదట వినిపించే మాట కోపియాస్తే. రండి, కూర్చోండి, మాతోపాటు తినండి అని ఆ ఒక్క మాటకు అర్థం. మాటవరసకు అనే మాట కాదు, కూర్చోకపోతే నొచ్చుకుంటారు.

ఆ ఇంట్లోనే మరొకటి చూశాను. మేము బయలుదేరే ముందు ఆ ఇంటి నాయనమ్మ చిన్న ధూపపాత్రలో నిప్పు వేసి, చర్చిలో దీవించి తెచ్చిన ఎండు ఆలివ్ ఆకులు దాని మీద చల్లి, ఆ పొగను పసివాడి తల చుట్టూ మూడుసార్లు, తరువాత మా అందరి తలల చుట్టూ తిప్పారు. ఆకు చిటపటలాడితే దిష్టి పోయినట్టేనని మనవరాలు నవ్వుతూ చెప్పింది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసే మనకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడి చర్చిల్లో మొక్కు తీర్చుకోవడానికి మైనంతో చేసిన చేతులు, కాళ్లు, పసిపిల్లల బొమ్మలు వేలాడదీస్తారు. మనం హుండీలో వెండి కళ్లూ పాదాలూ వేసినట్టే. కడుపులో ఉన్న భయమూ ఆశా అంత సూటిగా కనిపించే చోటు ఏ హోటలు ప్రదర్శనలోనూ ఉండదు. వెళ్లేవాళ్లు భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి, చెప్పులు విప్పనక్కరలేదు.

మన సాహిత్యాభిమానులు తప్పక తెలుసుకోవలసినది చియాత్తిస్తా. ఇద్దరు కవులు ఎదురెదురుగా నిలబడి, వయొలిన్ మీద పాత వరస వాయిస్తుండగా, ఒకరు విసిరిన ప్రాసల రెండు పాదాలకు మరొకరు అక్కడికక్కడే ప్రాసతోనే జవాబు చెప్పాలి. పాదానికి పదిహేను అక్షరాలు. భాష పుస్తకాల గ్రీకు కాదు, పల్లెల్లో మాట్లాడే సిప్రియట్ యాస. ఎత్తిపొడుపు గట్టిగానే ఉంటుంది, కానీ తడబడినవాడు ఓడినట్టు. యునెస్కో 2011లో దీన్ని మానవజాతి అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఈస్టర్ తరువాత యాభయ్యో రోజున వచ్చే పెంతెకోస్తు పండుగతో కలిపి సైప్రస్ తీరపట్టణాల్లో కతాక్లిజ్మోస్ అనే జలప్రళయం పండుగ చేస్తారు. జనం సముద్రానికి వెళ్లి ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటారు. లార్నకా సముద్రపు ఒడ్డున ఆ పండుగలో పెద్ద ఎత్తున చియాత్తిస్తా పోటీలు జరుగుతాయి. మా అల్లుడి సహోద్యోగి పక్కన కూర్చుని అర్థం చెబుతుంటే, నాకు మాత్రం భాష రాకపోయినా, సమస్య పడగానే పృచ్ఛకుడి వంక చూసి నవ్వే మన అవధానుల ముఖాలు కళ్ల ముందు మెదిలాయి. ఒక కవి సమాధానం పూర్తికాకముందే జనం చివరి మాటను తామే అందుకుని అరిచారు. ప్రాస ముందే ఊహించగల శ్రోతలు ఉన్నంతకాలం ఆ విద్యకు భయం లేదనిపించింది.

లెఫ్కరా గురించి చెప్పకపోతే మా అమ్మ నన్ను క్షమించదు. మా అమ్మ నర్సాపురం లేసు అల్లేది. పగలంతా ఇంటిపని, మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా అరుగు మీద క్రోషియా సూదితో లేసు, వారాంతాన వ్యాపారి మనిషి వచ్చి లెక్క కట్టి ఇచ్చే కొద్దిపాటి డబ్బు, ఇదే మా చిన్నతనం. మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో మా ప్రాంతానికి వచ్చిన ఆ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. లార్నకా నుంచి కొండల్లోకి గంటలోపు ప్రయాణంలో ఉన్న లెఫ్కరాలో ఆడవాళ్లు ఇళ్ల ముందు సందుల్లో కుర్చీలు వేసుకుని నార బట్టలోంచి దారాలు లాగి, మిగిలిన వాటిని సూదితో కట్టి బొమ్మలు తేలుస్తారు. మెలికలు తిరిగే ఒక నమూనాకు పోతామోస్, అంటే నది, అని పేరు. 2009లో యునెస్కో గుర్తింపు పొందిన పని అది. లియొనార్డో డావిన్చీ ఆ ఊరికి వచ్చి మిలాన్ చర్చి కోసం వస్త్రం కొనుక్కుపోయాడని అక్కడ చెప్పుకునే కథ నిజమో కాదో గానీ, కుట్టే చేతులు మాత్రం నిజం. అసలైన పనికి ముందూ వెనుకా ఒకేలా ఉంటుందని, తిప్పి చూడమని ఒక ముసలమ్మ నా చేతిలో బట్ట పెట్టింది. దుకాణాల్లో చవకగా దొరికే యంత్రపు లేసును చూపించి ఆవిడ పెట్టిన ముఖమే నేను నర్సాపురంలోనూ చూశాను. బేరం ఆడకుండా ఒక చిన్న రుమాలు కొన్నాను. కొనేవాళ్లు ఉంటేనే కూతుళ్లు నేర్చుకుంటారు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఆయియా నాపాలోనే తలాస్సా సంగ్రహాలయంలో, క్రీస్తు పూర్వపు కాలంలో కిరేనియా దగ్గర మునిగిపోయిన వర్తక నౌకకు నిలువెత్తు ప్రతిరూపం ఉన్నది. ఆ నౌకలో జాడీలతోపాటు వేల బాదం గింజలు దొరికాయి. మక్రోనిస్సోస్ దగ్గర రాతిలో తొలిచిన 19 ప్రాచీన సమాధులకు టిక్కెట్టు కూడా లేకుండా మేము వెళ్లగలిగాము. చలికాలంలో లార్నకా ఉప్పు చెరువుకు రాజహంసలు వస్తాయి. పులికాట్, నేలపట్టు దగ్గర మనం చూసే జాతే. ఆ చెరువు ఒడ్డున ఖర్జూరపు చెట్ల నడుమ ముస్లింలు పవిత్రంగా భావించే హలా సుల్తాన్ తెక్కె ఉన్నది; దక్షిణాదిలో ఉండిపోయిన ఆ దర్గాకు ఉత్తరం నుంచి తుర్కీ సిప్రియట్లు ఇప్పటికీ యాత్రగా వస్తారు. హలూమి జున్నుకు 2021లో యూరోపియన్ యూనియన్ రక్షణ ఇచ్చినప్పుడు గ్రీకుల హలూమి, తుర్కుల హెల్లిమ్ రెండు పేర్లనూ కలిపే నమోదు చేశారు.

ఒక్క జాగ్రత్త మాత్రం విడిగా చెప్పాలి. ఆ దేశానికి నీటి కరువు తీవ్రమైనది. 2008లో గ్రీసు నుంచి ఓడల్లో తాగునీరు తెప్పించుకున్నారు. కూరిస్ జలాశయం నుంచి పైపుల ద్వారా నూటపది కిలోమీటర్లు నీటిని తెచ్చి ఈ ఎర్ర ఊళ్లకు ఇస్తారు. సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారాల మీద పట్టణాలు బతుకుతున్నాయి. మన రాయలసీమవారికి ఈ బాధ చెప్పనక్కరలేదు. హోటలు గదిలో గంటసేపు షవరు వదిలేసే యాత్రికుడు సోతీరా చేమ మడికి దక్కవలసిన నీటినే వాడుకుంటున్నాడు.

కంచె దాటి ఉత్తరానికి వెళ్లే విషయం కూడా వ్యాసంలో అసంపూర్ణంగా ఉన్నది. దెరీనియా దగ్గర దారి 2018 నవంబరులో తెరిచారు. పాస్‌పోర్టు చూపించి దాటవచ్చు, కానీ మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ వీసా ఏ రకందో ముందుగానే విచారించుకోవాలి. మేము పాత ఫమగుస్తా కోటలోకి వెళ్లి, ఒకప్పటి సెయింట్ నికొలస్ చర్చి అయిన లాలా ముస్తఫా పాషా మసీదును, దాని ముందు ఉన్న మరో పెద్ద మేడి జాతి చెట్టును చూశాము. వరోషాలో కొన్ని వీధులను 2020 అక్టోబరులో సందర్శకులకు తెరిచారు. అక్కడి నివాసులు కానివారిని ఆ ఊళ్లో స్థిరపరచడం ఆమోదయోగ్యం కాదని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1984లోనే 550వ తీర్మానంలో చెప్పి ఉన్నది. ఆ వీధుల్లో సైకిళ్లు అద్దెకు తీసుకుని తిరుగుతూ ఫొటోలు దిగుతున్నారు. మేము ఆ గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాము. దెరీనియా పెద్దావిడ ఒకసారి అక్కడికి వెళ్లి, అడ్డంగా కట్టిన తాడుకు ఇవతల నుంచే తన ఇంటి గుమ్మం చూసి వచ్చారు. ఆవిడకు తన ఇంట్లోకే ప్రవేశం దొరకని చోట నేను విహారంగా తిరగడం నా మనసుకు ఒప్పలేదు. వెళ్లేవారిని వద్దనను. వెళ్తే గొంతు తగ్గించి నడవమని మాత్రమే కోరుతాను.

సైప్రస్‌లో మన తెలుగు పిల్లలు చదువుకుంటున్నారు, కంపెనీల్లో పనిచేస్తున్నారు, మన ఆడపడుచులు కొందరు అక్కడి ఇళ్లలో వృద్ధులకు సేవ చేస్తూ బతుకుతున్నారు. సోతీరా ఇంట్లోలాగే కోపియాస్తే అని పిలిచే వాకిళ్లు వాళ్లకు రోజూ పరిచయమే. ఈ తరహా వ్యాసాలు రాయించేటప్పుడు అటువంటివారిని నలుగురిని సంప్రదిస్తే మీకు బీచ్‌కు మించిన సమాచారం దొరుకుతుంది. మన యాత్రా నిర్వాహకులు మూడు రోజుల కార్యక్రమంలో ఒక పూట మఠానికి, ఒక రోజు సోతీరా, దెరీనియాలకు, మరో రోజు లెఫ్కరాకు కేటాయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అక్కడ కూడా మనలాగే ఎడమ పక్కనే బండి నడుపుతారు కనుక సొంతంగా కారు తీసుకుని తిరగడం కూడా కష్టం కాదు.

రాబోయే అనుబంధంలో ఆ వాక్యాన్ని సవరించి, వరోషాను 1974లో నివాసులను కోల్పోయిన ఊరు అని ప్రచురించవలసిందిగా ప్రార్థన. ఆ కాగితం తీసుకుని ఈ చలికాలం మళ్లీ దెరీనియా వెళతాను. ఆ పెద్దావిడకు చదివి అర్థం చెప్పాలని ఉన్నది.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
పాలకొల్లు